వెలుగుకూ రంగు పట్టింపే!

వేలు చాపమంటారు. చాపుతాం. బట్టలారేసే క్లిప్పులాంటి చిన్న డబ్బా తెచ్చి వేలికి తగిలిస్తారు. లోపల ఎర్రదీపం వెలుగుద్ది. నాలుగు క్షణాల్లో పైన అంకె పడుద్ది. తొంభై ఆరు. "ఏం లేదు, బాగానే ఉన్నావు, ఇంటికి పో" అంటారు. ఆయాసం తగ్గలేదయ్యా అంటే, అంకె బాగుంది కదా అంటారు. మనిషి చెప్పే మాట కన్నా డబ్బా చెప్పే మాటే ఎక్కువ.

కోడూరు మండలంలో ఉల్లిపాలెం నుంచి పాలకాయతిప్ప దాకా ఏ పేటలో అడిగినా ఈ డబ్బా తెలియనివాళ్లు ఇప్పుడు లేరు. 2020కి ముందు దాని పేరే వినని జనం, 2021 వేసవిలో దాని అంకెను బట్టే ఇంట్లో ఉండాలో ఆసుపత్రికి పరుగెత్తాలో తేల్చుకున్నారు. పల్స్ ఆక్సీమీటర్ అంటారు దాన్ని. ఈ పక్షం మేం దాని గురించే రాస్తున్నాం. భూముల గురించి, కూలిరేట్ల గురించి రాసే పత్రికకు డబ్బాల గొడవ ఎందుకని మన కార్యకర్తలే కొందరు అడగొచ్చు. అంకె చూసి ఒకణ్ణి మంచం ఎక్కించి, ఇంకొకణ్ణి గేటు బయటినుంచే పంపేయటం రాజకీయం కాకపోతే మరేది రాజకీయం?

మేం చెప్పేది ఇదీ. ఆ డబ్బా మన ఒంటిని కొలిచి అంకె చెప్పటం లేదు. వేరేవాళ్ల ఒంటిని కొలిచి రాసుకున్న పట్టికలో మన ఒంటిని వెతికి చెబుతోంది. ఆ పట్టిక రాసేటప్పుడు నల్లటి ఒళ్లను సరిగా లెక్కలోకి తీసుకోలేదు. అందుకే నల్లటి వేలికి అది చాలాసార్లు ఉన్నదానికన్నా మంచి అంకె చూపుద్ది. ప్రాణం మీదికి వచ్చినవాణ్ణి కూడా బాగున్నావంటది.

ఇది కోపంతో అంటున్న మాట కాదు. డాక్టర్లే రాసిన మాట. ఎట్టాగో చూద్దాం.

రక్తంలో ప్రాణవాయువును మోసేది హిమోగ్లోబిన్. ప్రాణవాయువు ఎక్కించుకున్న రక్తం మంచి ఎరుపు. దించేసిన రక్తం ముదురు. డబ్బాలో రెండు దీపాలుంటాయి. ఒకటి కంటికి కనపడే ఎర్రకాంతి, రెండోది కంటికి కనపడని పరారుణ కాంతి. రెంటినీ గోరువైపు నుంచి వేలిలోకి కొట్టి, అవతలి వైపు ఏది ఎంత మిగిలి వచ్చిందో చూస్తారు. ప్రాణవాయువు లేని రక్తం ఎర్రకాంతిని ఎక్కువ మింగుద్ది. ఆ తేడాను బట్టి నూటికి ఎంత నిండిందో లెక్క కడతారు.

జపాన్ ఇంజనీరు తకువో అవోయాగి 1970ల మొదట్లో దీనికో మంచి కిటుకు కనిపెట్టాడు. తోలు కొట్టుకోదు, ఎముక కొట్టుకోదు, గోరు కొట్టుకోదు. నాడి మాత్రమే కొట్టుకుంటది. కాబట్టి కొట్టుకునే భాగాన్నే లెక్కలోకి తీసుకుంటే చాలు, తోలు రంగు లెక్కలోంచి ఎగిరిపోద్ది. కాగితం మీద అది సరైన లెక్కే. వేలి మీదికి వచ్చేసరికి అట్టా జరగలేదు. తోలులో నలుపునిచ్చే మెలనిన్ కూడా కాంతిని మింగుద్ది. దాని ప్రభావం పూర్తిగా పోలేదు. అవోయాగి 2020 ఏప్రిల్‌లో చనిపోయాడు, తన కిటుకు ప్రపంచంలో ఇంటింటికీ చేరుతున్న రోజుల్లోనే. ఆయన మీద మాకేం కోపం లేదు. మా కోపం ఆ తర్వాత ఆ కిటుకును అమ్ముకున్నవాళ్ల మీద, అమ్ముకోనిచ్చినవాళ్ల మీద.

ఎందుకంటే కాంతి తేడాను అంకెగా మార్చటానికి ఒక పట్టిక కావాలి. ఆరోగ్యంగా ఉన్న కొందరిని పరీక్షశాలలో కూర్చోబెట్టి, వాళ్లు పీల్చే గాలిలో ప్రాణవాయువు కొద్దికొద్దిగా తగ్గిస్తారు. ధమని నుంచి రక్తం తీసి అసలు లెక్క చూస్తారు. డబ్బా ఏం చెబుతోందో పక్కన రాసుకుంటారు. అదే పట్టిక. మరి ఎవరిని కూర్చోబెట్టారు? అమెరికాలో మందులకూ యంత్రాలకూ అనుమతులిచ్చే ఎఫ్.డి.ఏ. అనే సంస్థ 2013లో ఇచ్చిన సూచన చూడండి. కనీసం పదిమంది ఆరోగ్యవంతులు చాలు. వాళ్లలో నల్లటి ఒళ్లవాళ్లు కనీసం ఇద్దరు, లేదా నూటికి పదిహేను మంది, ఏది ఎక్కువైతే అది. పదిమందిలో ఇద్దరు! ప్రపంచంలో నల్లగా, చామనఛాయగా ఉన్న కోట్లమంది తరఫున ఇద్దరు వేళ్లు పెడితే సరిపోయిందంట.

పేటల్లో పెద్దవాళ్లకు కుంచం సంగతి తెలుసు. కూలి గింజలు కొలిచేటప్పుడు ఒక కుంచం, బాకీ గింజలు పుచ్చుకునేటప్పుడు ఇంకో కుంచం. పేరు రెంటికీ కుంచమే. కొలత ఎవరు చేయించారో వాళ్ల వైపే మొగ్గుద్ది. ఈ డబ్బా సంగతీ అంతే. కాకపోతే కుంచంలో తేడా చేత్తో పట్టుకుంటే తెలిసేది. డబ్బాలో తేడా తెలియదు. అంకె మెరుస్తా ఉంటది, నిజంలాగే ఉంటది.

తెలియక జరిగిందనుకుందామా అంటే అదీ కాదు. 1990లోనే జుబ్రాన్, టోబిన్ అనే ఇద్దరు వైద్యులు అమెరికాలో ఊపిరి యంత్రం మీదున్న రోగుల్ని చూసి రాశారు. తెల్ల రోగికి 92 వస్తే నమ్మొచ్చు, నల్ల రోగికి 95 వస్తేనే నమ్మాలి అని. అంటే ముప్పై ఏళ్ల కిందటే తెలుసు. తెలిసి ఏం చేశారు? కంపెనీలు డబ్బాలు అమ్ముకున్నాయి, ఆసుపత్రులు కొనుక్కున్నాయి.

2020 ఆగస్టులో ఏమీ మోరన్-థామస్ అనే ఆమె 'బోస్టన్ రివ్యూ' పత్రికలో ఒక వ్యాసం రాసింది. ఆమె వైద్యురాలు కాదు. ఎం.ఐ.టి.లో మానవశాస్త్రం చెప్పే పంతులమ్మ. ఇంట్లో కరోనా వచ్చి డబ్బా కొనుక్కుంది, ఇది ఎవరి ఒంటి మీద సరిచూసిన యంత్రమని అడగటం మొదలుపెట్టింది. పాత కాగితాలన్నీ తవ్వి తీసింది. అది చదివి మిషిగన్ వైద్యులు తమ ఆసుపత్రి లెక్కలు తిరగేశారు. అదే ఏడాది డిసెంబరులో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో అచ్చయింది. డబ్బా 92 నుంచి 96 మధ్య చూపించింది గానీ, రక్తం తీసి చూస్తే నిజంగా ఉన్నది 88 కన్నా తక్కువ. ఇట్టా మోసపోయిన సందర్భాలు తెల్లవాళ్లలో నూటికి 3.6. నల్లవాళ్లలో నూటికి 11.7. మూడింతలు.

వాడుకునే మనిషి అడిగిన ప్రశ్నతో ముప్పై ఏళ్ల మౌనం కదిలింది. ఇది మన కార్యకర్తలు గుర్తుపెట్టుకోవాలి. యంత్రాన్ని ప్రశ్నించటానికి ఎం.బి.బి.ఎస్. అక్కర్లేదు.

ఆ తర్వాత 2021 ఫిబ్రవరిలో ఎఫ్.డి.ఏ. హెచ్చరిక చేసింది. డబ్బా 90 అంటే అసలు లెక్క 86 నుంచి 94 దాకా ఎక్కడైనా ఉండొచ్చని, ఒంటి రంగు వల్ల తేడా వస్తదని ఒప్పుకుంది. 2024 మార్చిలో బ్రిటన్‌లో మార్గరెట్ వైట్‌హెడ్ అధ్యక్షతన వేసిన విచారణ సంఘం కూడా అదే మాట చెప్పింది. 2025 జనవరిలో ఎఫ్.డి.ఏ. కొత్త ముసాయిదా తెచ్చింది. పదిమంది కాదు, నూట యాభై మందికి పైగా మీద, అన్ని రంగుల ఒళ్ల మీద చూడాలంట. మంచిదే. మరి ఇప్పటికే మన ఆరోగ్య కేంద్రాల సొరుగుల్లో, ఆశా కార్యకర్తల సంచుల్లో ఉన్న డబ్బాల సంగతో?

"అది అమెరికా నల్లవాళ్ల గొడవ, మనకేంటి" అనే చదువుకున్నవాళ్లున్నారు. 2022లో అమెరికాలోనే అచ్చయిన ఇంకో పరిశీలనలో ఆసియా రోగులకు కూడా డబ్బా ఎక్కువ చూపిన సంగతి బయటపడింది. అయినా మన సంగతి తెలుసుకోవటానికి అమెరికా దాకా పోవాలా? వేళ్లు ఇక్కడ లేవా?

ఇంకో రకంవాళ్లు అంటారు, మీరు రంగును కులంతో ముడిపెడుతున్నారు, కరణంగారింట్లో నల్లవాళ్లు లేరా, మీ పేటలో తెల్లవాళ్లు లేరా అని. ఉన్నారు బాబూ. కులం తోలు మీద కనపడదని మాకు మీరు చెప్పక్కర్లేదు. కనపడేదే అయితే పట్నంలో ఇల్లు అద్దెకిచ్చేముందు ఇంటిపేరు అడగాల్సిన పని మీకు ఉండేది కాదు. డబ్బా కులం చూడదు, మెలనిన్ చూస్తది. కానీ పుట్టినప్పటి రంగు ఎట్టా ఉన్నా, నాట్లకు వంగి, కోతలకు వంగి, రొయ్యల చెరువు గట్ల మీద తిరిగి, హంసలదీవి రేవులో వల లాగి ఎండకు కమిలిన ఒంటి సంగతి వేరు. ఆ ఎండలో నిలబడేది ఎవరో దివిసీమలో ఎవరినడిగినా చెబుతారు.

అసలు తేడా ఇంకొకటుంది. ఉన్నవాడికి డబ్బా అబద్ధం చెప్పినా ప్రాణం పోదు. వాడికి ధమని రక్తం పరీక్ష ఉంది, స్కానింగ్ ఉంది, ఫోను చేస్తే పలికే డాక్టరు ఉన్నాడు, బెజవాడ దాకా కారు ఉంది. ధమని నుంచి రక్తం తీసి అసలు లెక్క చెప్పే యంత్రం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండదు. మనకున్నది ఆ క్లిప్పు ఒక్కటే. ఒక్క సాక్షి మీదే తీర్పు చెప్పే కోర్టులో ఆ సాక్షే అబద్ధమాడితే ఏమవుద్ది?

రెండు మూడు అంకెల తేడాకే ఇంత గొడవా అంటారు. 2021లో 94 దగ్గర గీత గీశారు. పైన ఉంటే ఇంటికి, కింద ఉంటే ఆసుపత్రికి. గీత మీద నిలబడ్డవాడికి రెండు అంకెలంటే మంచం ఉండటమూ లేకపోవటమూ.

యంత్రం కొత్తది గానీ, మనిషిని ముట్టకుండా అంకె చూసి తేల్చే అలవాటు చాలా పాతది. అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఒక ఉత్తరం చేర్చారు. 1929 డిసెంబరులో 'యంగ్ ఇండియా'లో అచ్చయిన ఉత్తరం అది. కాఠియావాడ్‌లో ఒక అంటరాని బడిపంతులు రాశాడు. ఆయన భార్య ప్రసవించిన రెండ్రోజులకు జబ్బు పడింది. డాక్టరు పేటలోకి రానన్నాడు. ఊరి పెద్దల్ని బతిమాలి, ఫీజుకు పూచీ ఇప్పించి, బాలింతను పేట బయటికి తీసుకొస్తే అప్పుడు వచ్చాడు. వచ్చి ముట్టుకున్నాడా? థర్మామీటరు ఒక ముస్లిం చేతికిచ్చాడు. ఆయన భర్తకిచ్చాడు, భర్త భార్యకు పెట్టాడు. మళ్లీ అదే దారిన వెనక్కి వచ్చింది. డాక్టరు దీపం వెలుగులో అంకె చూసి న్యుమోనియా అన్నాడు. ఆమె బతకలేదు.

థర్మామీటరులో తప్పేం లేదు, అది సరిగ్గానే చెప్పి ఉండొచ్చు. నాడి పట్టుకోని చెయ్యి, గుండె మీద పెట్టని చెవి - తప్పు వాటిది. 2020లో దేశమంతా మనుషులు మనుషులకు దూరంగా నిలబడాలని చెప్పినప్పుడు పేటల్లో ముసలివాళ్లు నవ్వారు. కొత్తగా మీరు నేర్చుకుంటున్నారు, మాకు తాతల నాటినుంచే నేర్పారు కదా అని. అప్పుడు ఆ డబ్బా ఎందుకంత ముద్దొచ్చిందో ఆలోచించండి. చేత్తో ముట్టే పని తగ్గించింది.

ఇక ఆడవాళ్ల సంగతి. దీన్ని మా కార్యకర్తలు ప్రతి పేటలోనూ విడమరిచి చెప్పాలి. డబ్బా చెప్పేది నూటికి ఎంత నిండిందని మాత్రమే. మొత్తం ఎంత ఉందో చెప్పదు. కళ్లం నుంచి ధాన్యం తోలే బళ్లనుకోండి. బండి బండీ నిండుగా ఉంది, నూటికి 98 పాళ్లు నిండింది అంటది డబ్బా. కానీ పన్నెండు బళ్లు కట్టాల్సిన చోట ఆరు బళ్లే కడితే? ఇంటికి చేరే ధాన్యం సగమే కదా. హిమోగ్లోబిన్ పన్నెండు ఉండాల్సిన మనిషికి ఆరు ఉంటే ఆ ఆరూ నిండుగానే ఉంటాయి. డబ్బా 98 చూపిస్తది. మనిషి మాత్రం నాలుగు అడుగులేస్తే కూలబడుద్ది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58 మందికి పైగా రక్తం చాలనివాళ్లు. నాట్లేసి వచ్చి కళ్లు తిరుగుతున్నాయన్న మనిషికి వేలికి క్లిప్పు పెట్టి 98 ఉంది పొమ్మనటం వైద్యం కాదు. రక్తపు చుక్క తీసి హిమోగ్లోబిన్ చూడాలి. అది ఖరీదైన పరీక్ష కూడా కాదు.

ఇక కాళ్ల సంగతి. కాంతితో ప్రాణవాయువు కొలవటం వేలితో ఆగలేదు. తోలు కింద కండ, మెదడు, డాక్టర్లు కణజాలమనేది, బతికుందా ఆకలితో చస్తోందా అని చూసే పద్ధతి ఇంకొకటుంది. పరారుణానికి దగ్గరి కాంతిని లోతుకు పంపి చూస్తారు. దానికి దారి తీసినవాడు అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఫ్రాన్స్ యోబ్సిస్. ఆయన కాగితం అచ్చయింది 1977 డిసెంబరులో. మనకు 1977 అంటే వేరే గుర్తు. నవంబరు 19న ఉప్పెన. సముద్రం వెనక్కి పోయాక ఇక్కడ శవాలు ఏరుకుంటున్న రోజుల్లో అక్కడ బతికిన కండను కాంతితో చూడటం నేర్చుకున్నారన్నమాట. సరే. యాభై ఏళ్లు కావస్తోంది. ఇవాళ పెద్ద ఆసుపత్రుల్లో షుగర్ పుండు మానుద్దా మానదా, ఏ కండ బతికుంది, కాలు తీయాల్సి వస్తే ఎక్కడిదాకా తీయాలి అని తేల్చటానికి ఇట్టాంటి యంత్రాలు వాడుతున్నారు. నలుపు ఆ కాంతికీ అడ్డు పడుద్దని పరిశోధకులు రాశారు. అక్కడా అదే కుంచం.

మన సంగతేంటి? బురదలో, ఉప్పునీళ్లలో, చెప్పుల్లేని కాళ్లతో పనిచేసేది మనం. ముల్లు గుచ్చుకున్నా, గాజుపెంకు కోసుకున్నా, షుగర్ ఉన్న కాలికి స్పర్శ తెలియదు. పుండు ముదిరాక ఆసుపత్రికి పోతే వేలికి క్లిప్పు పెడతారు. 98. చేతి వేలికి 98 ఉంటే కాలి వేలికి రక్తం అందుతున్నట్టు కాదు. తొడలోనో పిక్కలోనో నాళం పూడుకుపోతే, చేతికి 98 ఉండగానే కాలి వేలు నల్లబడి చస్తది. దాన్ని కనిపెట్టటానికి మొదట కావాల్సింది ఏ దీపమూ కాదు. పాదం పైన, చీలమండ వెనక, నాడి కొట్టుకుంటోందా లేదా అని రెండు వేళ్లు ఆనించి చూడాలి. అంటే ఎవరో ఒకరు కిందికి వంగి, మాల మాదిగల పాదం చేత్తో ముట్టుకోవాలి. ఖర్చు పైసా లేదు. ఆ పరీక్ష ఎంతమందికి చేస్తున్నారో మీ మీ ఊళ్లలో షుగర్ ఉన్నవాళ్లను అడిగి చూడండి. "ఎప్పుడైనా నీ పాదం ముట్టి చూశారా?" అని అడగండి. జవాబులు మాకు రాయండి.

పాముకాటు దగ్గర కూడా ఇదే జాగ్రత్త కావాలి. కట్లపాము, తాచు కాటుకు ఊపిరి తీసే కండరాలు చచ్చుబడతాయి. కనురెప్పలు వాలతాయి, మాట ముద్దగా వస్తది, మింగుడు పడదు. ఇవన్నీ ముందు జరిగి, డబ్బాలో అంకె పడిపోవటం ఆఖరున జరుగుద్ది. ముక్కుకు ఆక్సిజన్ పెట్టి ఉంటే ఇంకా ఆలస్యం. అంకె బాగుందని కూర్చుంటే మనిషి దక్కడు. 2018 వానాకాలంలో దివిసీమలో వందకు పైగా పాముకాట్లు పడ్డప్పుడు అధికారులు ఏం తలపెట్టారో మర్చిపోయారా? మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో సర్పశాంతి యాగం! పొలంలో కాళ్లు పెట్టేది కూలివాడు, శాంతి చేసేది పాముకి. ఆ నేతితో ఎన్ని జతల బూట్లు వచ్చేవో లెక్క కట్టటం మా పని కాదు.

మరి డబ్బాలు పారేద్దామా? ఆ మాట ఎవరన్నా అంటే నమ్మొద్దు. అంకె పడిపోతే అది చాలాసార్లు నిజమే చెబుతోంది, వెంటనే పరుగెత్తాలి. మంచి అంకె చూపించినప్పుడే అనుమానించాలి. మేం వద్దంటున్నది డబ్బాను కాదు, డబ్బా మాట మీద మనిషి మాటను కొట్టేయటాన్ని.

బందరులో 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ నడుస్తోంది. అక్కడి పంతుళ్లకూ పిల్లలకూ ఒక పని చెబుతున్నాం. ఆసుపత్రిలో ఎలాగూ ధమని రక్తం తీసే రోగులుంటారు. వాళ్ల అనుమతితో అదే నిమిషంలో డబ్బా అంకె రాయండి, ఒంటి రంగు రాయండి. ఏడాది పాటు రాస్తే కృష్ణాజిల్లా వేళ్లకు ఎంత తేడా వస్తోందో తెలుసుద్ది. కోట్లు అక్కర్లేదు, ఒక పుస్తకం, ఒక పెన్ను చాలు. ఆ లెక్క తెలుగులో అచ్చేసి ప్రతి ఆరోగ్య కేంద్రం గోడకూ అంటించండి. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఈ డబ్బాల మీద వ్యాపారుల లాభానికి 70 శాతమని హద్దు పెట్టింది. ధర సంగతి చూసినవాళ్లు ఇంకో సంగతి కూడా చూడాలి. ఏ రంగు వేళ్ల మీద, ఎంతమంది మీద సరిచూశారో అట్టపెట్టె మీద రాయని డబ్బాను ప్రభుత్వ సొమ్ముతో కొనొద్దు. గ్రామసభల్లో, మండల సమావేశాల్లో ఈ రెండు కోరికలూ కాగితం మీద పెట్టించి, అందినట్టు సంతకం తీసుకోండి.

అవి వచ్చేలోగా పేటలో డబ్బా ఉన్నవాళ్లు ఇట్టా వాడండి. మనిషిని అయిదు నిమిషాలు కూర్చోబెట్టాలి. చెయ్యి చల్లగా ఉంటే రుద్ది వెచ్చబెట్టాలి. గోళ్లరంగు, నల్ల గోరింటాకు ఉన్న వేలు వద్దు. చెయ్యి కదపకూడదు. అంకె నిలబడేదాకా ఆగి రాసుకోవాలి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి. ఒక్క అంకెను చూసి ధైర్యపడొద్దు, పొద్దుటి కన్నా సాయంత్రానికి దిగుతోందా చూడాలి. దాని పక్కనే ఇంకో లెక్క రాయాలి. గడియారం పెట్టుకుని నిమిషానికి రొమ్ము ఎన్నిసార్లు లేచిందో లెక్కపెట్టండి. పెద్దవాళ్లకు ఇరవై నాలుగు, అంతకు మించి ఉంటే, మాట మధ్యలో ఊపిరి అందక ఆగుతుంటే, పెదాలు నీలంగా మారితే, డబ్బా 97 చూపించినా సరే 108కి ఫోన్ చెయ్యండి. ఆసుపత్రిలో "అంకె బాగుంది కదా" అంటే "ఊపిరి లెక్కపెట్టండి" అనండి. లెక్కపెట్టి, చీటీ మీద రాసిచ్చేదాకా అక్కణ్ణుంచి కదలొద్దు.